అందిందని చెప్పని విండో

నేను చెప్పే మాటల్లో సగం తీసేసి వినమని మా ఇంటికి కొత్తగా వచ్చే చుట్టాలకు మా ఆవిడ గడప దగ్గరే చెప్పేస్తుంది. అది న్యాయమే. ఘాట్ రోడ్డులో ఒక చిరుతపులి బస్సుకు చెయ్యెత్తిందనీ, ఎక్కాక కండక్టరు టికెట్ అడిగితే సిగ్గుపడి దిగిపోయిందనీ నేను చెప్పిన కథ మా వీధిలో ఇప్పటికీ తిరుగుతోంది. ఈ మధ్య ఎవరో అదే కథను నాకే చెప్పారు. కానీ ఇప్పుడు రాయబోయే సంగతిలో తీసేయడానికి ఏమీ లేదు. ఉన్నది ఉన్నట్టు రాయడం నాకు బొత్తిగా అలవాటు లేని పని కాబట్టి, అక్కడక్కడ చెయ్యి తడబడితే మన్నించండి.

రాయడానికి కారణం మా తమ్ముడి కూతురు. ఏర్పేడు దగ్గర పెద్ద చదువు చదువుతోంది. మొన్న సెలవులకు మా ఊరు పూతలపట్టు వచ్చినప్పుడు తాను చేసిన ప్రోగ్రామ్ ఒకటి నాకు చూపించింది. తెర మీద ఫారం తెరుచుకుంది. వివరాలు నింపింది. బటన్ నొక్కింది. విండో టక్కున మూసుకుపోయింది.

"ఎంత నీట్‌గా ఉండాదో సూసినావా పెదనాయనా? పనైపోతానే పోతుంది!" అంది.

నాకు తిరుపతిలో ఇరవై ఏళ్ల కిందటి ఒక రోజు గుర్తొచ్చింది. నోటితో చెబితే ఈ పిల్ల కూడా సగం తీసేసే వింటుంది. అందుకని కాగితం మీద పెడుతున్నాను. ఈ పని చేసే మిగతా పిల్లలు కూడా చదివితే మంచిదే.

అవి రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు. తిరుపతిలో ఒక నర్సింగ్ శిక్షణ సంస్థలో నాకు కాంట్రాక్టు ఉద్యోగం. అక్కడ కంప్యూటర్ విభాగం అంటే నేనూ, ఒక ఆపరేటరమ్మా, రెండు కంప్యూటర్లూ, తిరిగేటప్పుడు మూలిగే ఒక ఫ్యానూ. ఆపరేటరమ్మ నాకంటే పదేళ్లు పెద్ద. అక్కా అనేవాణ్ణి. నెలకోసారి తిరుమల కొండకు నడిచి వెళ్లి వచ్చేది. టైపు మిషన్ల కాలం నుంచీ ఆ సంస్థలో ఉన్న మనిషి. ఆమె వేళ్లు కీబోర్డు మీద పడితే పక్క గదిలో వాళ్లకు వాన మొదలైందని అనిపించేది. ఇది మాత్రం కొంచెం తీసేసి చదవండి.

మా మీద పరిపాలనాధికారి. చిత్తూరు మనిషి. ఇంగ్లీషు పొడి అక్షరాలతో అందరూ ఏవో గారు అనేవాళ్లం. మంచివాడే కానీ నా మాట నమ్మడం మానేశాడు. దానికీ కారణం ఉంది. ఒకసారి సోమవారానికి ఇవ్వాల్సిన జాబితా నేను ఇవ్వలేకపోయాను. కిటికీలోంచి కోతి వచ్చి, కీబోర్డు మీద కూర్చుని, నేను నాలుగు రోజులు చేసిన పనంతా చెరిపేసిందని చెప్పాను. తిరుపతిలో కోతి కథ చెబితే ఎవరైనా నమ్ముతారు. ఏవో గారు ఎంత నమ్మారంటే, వెంటనే మనిషిని పిలిపించి కిటికీకి ఇనుప గ్రిల్ వేయించారు. నెల రోజుల తర్వాత అక్క ఎవరితోనో నవ్వుతూ అసలు సంగతి చెబుతుంటే ఆయన చెవిన పడింది. ఆనాటి నుంచి మా గదిలోకి వచ్చినప్పుడల్లా ముందు ఆ గ్రిల్‌ని చూసేవారు, తర్వాత నన్ను చూసేవారు.

అప్పటిదాకా మా సంస్థకు దరఖాస్తులు పోస్టులో వచ్చేవి. కొందరు ఎందుకైనా మంచిదని రెండేసి, మూడేసి పంపేవాళ్లు. ఒక ఏడు ఒకామెకు రెండు దరఖాస్తుల మీదా పిలుపు వెళ్లి, ఒక సీటు ఏడాదంతా ఖాళీగా ఉండిపోయింది. అప్పుడు ఏవో గారు ఒక రూలు పెట్టారు. ఒకరు ఒకటి కంటే ఎక్కువ దరఖాస్తులు పంపితే అన్నీ రద్దు. నోటిఫికేషన్‌లో నల్లటి అక్షరాలతో వేయించారు కూడా.

దరఖాస్తులను నెట్‌లోకి మార్చే పని నా మీద పడినప్పుడు ఆ రూలును కూడా ప్రోగ్రామ్‌లో పెట్టేశాను. టెన్త్ హాల్ టికెట్ నంబరు రెండోసారి కనిపిస్తే చాలు, ఆ నంబరు మీద ఉన్నవన్నీ రద్దు జాబితాలోకి వెళ్లిపోతాయి. అంతకుముందు ఎవరో ఒకరు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని, ఒక్క నిమిషమైనా ఆలోచించి చేసిన పని అది. ఇప్పుడు ఆ నిమిషం కూడా అక్కరలేకుండా చేశానని నాకు గర్వంగా ఉండేది.

తెలివైన పని ఇంకోటి కూడా చేశాను. మొదట్లో ఫారం పంపాక ఆ పేజీ తెర మీద అలాగే ఉండేది. నెట్ సెంటర్లలో ఒకరు లేచి ఇంకొకరు కూర్చుంటారు కదా. తర్వాత కూర్చున్నవాడు వెనక్కి వెళ్లే బటన్ నొక్కితే ముందు ఆమె పేరు, ఊరు, మార్కులు అన్నీ కనిపించేవి. ఒక ఆమె ఇంటికి ఎవడో ఉత్తరం రాశాడని ఫిర్యాదు కూడా వచ్చింది. దీన్ని సరిగ్గా బాగుచేయాలంటే ఒక పూట కూర్చోవాలి. నేను ఒక్క లైనుతో పని కానిచ్చేశాను. మా వెబ్‌సైట్ మొదటి పేజీలో బటన్ నొక్కితే ఫారం వేరే చిన్న విండోలో తెరుచుకుంటుంది. పంపగానే ఆ విండో తనంతట తానే మూసుకుంటుంది. వెనకాల మళ్లీ అదే మొదటి పేజీ, అదే బటన్. ఏమీ జరగనట్టు.

అక్కకు చూపించాను.

"ఏమబ్బా, ఇట్ల తోసేస్తాది మనిషిని?" అంది.

"సన్నిధిలో జరగండి జరగండి అనరా అక్కా? అట్లనే ఇదీ. పని అయిపోయినాక ఆడే నిలబడుకుంటే ఎనకోళ్లు ఎట్ల రావాల?"

అక్క నవ్వింది. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్య దాని పేరు జరగండి విండో. పరీక్షించి చూశాం కూడా. నేను నా కంప్యూటర్‌లో నింపి పంపుతాను. అక్క తన కంప్యూటర్‌లో చూసి, వచ్చిందబ్బా అంటుంది. పదిసార్లు పంపితే పదిసార్లూ వచ్చింది. బయట నెట్ సెంటర్‌లో కూర్చున్నవాళ్లకు వచ్చింది అని చెప్పడానికి పక్కన అక్క ఉండదు కదా అన్న మాట మా ఇద్దరికీ తట్టలేదు.

గడువు ముగిసింది. ఇంటర్వ్యూకు పిలవాల్సిన వాళ్ల జాబితా తయారైంది. మర్నాడు పదకొండు గంటలకు నోటీసు బోర్డు మీద అంటించాలి. రద్దు జాబితా రెండు పేజీలొచ్చింది. పోస్టు రోజుల్లో ఎన్నడూ అర పేజీ దాటలేదు. అది చూసి ఏవో గారన్న మాట నాకు ఇంకా గుర్తుంది.

"సూసినావా అప్పా, నెట్ వచ్చినాక జనానికి ఆశ ఎట్ల పెరిగిందో!"

నేనూ నవ్వాను. అర పేజీ రెండు పేజీలు ఎందుకైందని అడగాల్సినవాణ్ణి నేనే.

మర్నాడు ఉదయం, జాబితా ఇంకా అంటించకముందే, నగరి నుంచి తండ్రీ కూతుళ్లు వచ్చారు. ఆయనకు అరవై ఉంటాయి. మరమగ్గాల మనిషి అని చూస్తూనే తెలిసిపోతుంది. మగ్గాల మోతలో బతికినవాళ్లు మామూలు గదిలో కూడా గట్టిగా మాట్లాడతారు. ఆమెకు ముప్పైకి దగ్గర. ఇంటర్ అయ్యాక ఇన్నేళ్లూ ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టిందట. వాళ్లమ్మ ఆస్పత్రిలో ఆరు నెలలు పడుంటే అన్నీ ఈమే చూసిందట. అక్కడి నర్సులే ఈ చదువు గురించి చెప్పారు. మా సంస్థలో వయసు పరిమితి ప్రకారం ఆమెకు అదే చివరి ఏడు. వచ్చే ఏడు దరఖాస్తు పెట్టడానికే వీల్లేదు.

"సార్, మా దరకాస్తు వచ్చిందో లేదో సూసి సెప్పండి సామీ. పొయ్యిందో లేదో తెలీకుండా ఉండాది," అన్నాడాయన.

హాల్ టికెట్ నంబరు కొట్టి చూశాను.

"వచ్చింది పెద్దాయనా. ఒకటి గాదు, నాలుగొచ్చినాయి. నాలుగూ రద్దయిపోయినాయి. ఒకరికి ఒకటే అని అంత పెద్ద అక్షరాలతో వేసినాం కదా, సదవలేదా?"

ఆయన కూతురి వైపు చూశాడు. ఆమె నా వైపు చూసింది.

"నాలుగా సార్? ఒకటి కూడా పోలేదనే కదా మేము ఊరూరూ తిరిగింది!"

తర్వాత ఆమె చెప్పింది. నేను కుర్చీలో వెనక్కి వాలి, నవ్వడానికి సిద్ధంగా ఉండి వినడం మొదలుపెట్టాను.

"నగరిలో నింపినాను సార్. నొక్కినాను. మాయమైపొయ్యింది. నెట్ సెంటరాయన వచ్చి సూసి, నువ్వేందో నొక్కకూడనిది నొక్కినావు మా, అన్నాడు. అయ్యో, ఈయన మిషన్ చెడగొట్టినానేమో అని బయపడి లేసి వచ్చేసినాను. సరే అని పుత్తూరు పొయినాం. ఆడా మాయమే. ఆడాయన, నెట్ స్లోగా ఉండాది, తిరపతికి పోండి అన్నాడు. తిరపతి బస్టాండు కాడ నొక్కినాం. అదీ అంతే. రైల్వే స్టేషన్ కాడ ఇంకో సెంటరుంటే ఆడికి పొయినాం."

"ఆడైనా సరిగ్గా సూసుకున్నారా?" అన్నాను.

ఆమె తల వంచుకుంది. తండ్రి చెప్పాడు.

"ఆడ నేను పక్కనే కూర్సున్నాను సామీ. పాప నొక్కేటప్పుడు పోకుండా తెరమింద చెయ్యి పెట్టి గట్టిగా పట్టుకున్నాను. అయినా పొయ్యింది."

నేను నవ్వాను. దాచుకోవడం ఎందుకు, నవ్వాను. అక్క కూడా నవ్వబోయి ఆగింది. ఆయన కోప్పడలేదు. తన అరచెయ్యి ఒకసారి తిప్పి చూసుకుని అన్నాడు.

"మగ్గంలో పోగు తెగితే మగ్గం నిల్సిపోతాది సామీ. తెగిందని తెలుస్తాది. బట్ట దిగితే సేతికొస్తాది. మీ దాంట్లో తెగిందా, దిగిందా ఏమీ తెలీలేదు. దానికే నాలుగుసార్లు తిరిగినాం. ఇంతకీ తెగినట్టా, దిగినట్టా?"

బయట టీ తాగి రండి, చూస్తాను అని వాళ్లను పంపాను.

ప్రతి దరఖాస్తూ ఏ సమయానికి, ఏ చోటి కనెక్షన్ నుంచి వచ్చిందో కంప్యూటర్ రాసి పెట్టుకుంటుంది. దాన్నెవరూ చదవరు. ఆ రోజు చదివాను. మొదటిది పొద్దున పదీ నలభైకి. రెండోది పన్నెండుంబావుకు. మూడోది మూడు దాటాక. నాలుగోది నాలుగుంబావుకు. నాలుగూ నాలుగు చోట్ల నుంచి. నేను పూతలపట్టు కూడలిలో పెరిగినవాణ్ణి. అక్కడి పిల్లలకు ఎక్కాలకంటే ముందు బస్సు టైములు వస్తాయి. ఆ నాలుగు అంకెలు చూడగానే నాకు వాళ్లు కనిపించారు. నగరి బస్టాండులో నిలబడి ఉన్నారు. పుత్తూరులో దిగి సెంటర్ ఎక్కడని అడుగుతున్నారు. తిరుపతి బస్సులో సీటు దొరక్క, సర్టిఫికెట్ల కవరు గుండెలకు ఆనించుకుని ఆమె నిలబడి ఉంది. ఆఖరి సెంటర్లో తండ్రి కుర్చీ దగ్గరికి జరుపుకుని, తెర మీద చెయ్యి పెడుతున్నాడు.

మొదటిసారి నొక్కినప్పుడే పని అయిపోయింది. ఆ మాట వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేను.

రద్దు జాబితా రెండు పేజీలూ తెరిచి మిగతా పేర్లు చూశాను. మదనపల్లి నుంచి రెండు, ఇరవై నిమిషాల తేడాతో. సత్యవేడు నుంచి మూడు, మూడు రోజుల్లో. పలమనేరు నుంచి ఒకామె పది నిమిషాల్లో ఆరు. ఆశపోతులు కారు వీళ్లు. తలుపు మూసుకుంటే లోపల ఎవరైనా ఉన్నారేమో అని మళ్లీ మళ్లీ తట్టినవాళ్లు.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. ఆ నెలలోనే నా కాంట్రాక్టు ఉద్యోగాన్ని పర్మనెంట్ చేసే కాగితం ఏవో గారి బల్ల మీద ఉంది. తప్పు నాదని చెబితే ఆ కాగితం ఏమవుతుందో ఊహించుకోగలను. చెప్పకుండా చేయడానికి దారి కూడా ఉంది. నగరి అమ్మాయివి చివరి మూడూ చెరిపేస్తే మొదటిది మిగులుతుంది. రద్దు తీసేస్తే జాబితాలోకి వస్తుంది. ఎవరికీ తెలియదు. కోతి కూడా అక్కర్లేదు. ఆ మూడు వరుసలను ఎంచుకుని, చెరిపే మీట మీద వేలు పెట్టాను.

అక్క నా వెనక నిలబడి ఉందని అప్పటిదాకా తెలియదు.

"ఈయమ్మి బస్సెక్కి ఈడికి వచ్చింది కాబట్టి మనకు తెలిసింది," అంది నెమ్మదిగా. "రానోళ్ల సంగతేందబ్బా?"

వేలు తీసేశాను.

"కొండమీద జరగండి అంటారు నిజమే," అంది మళ్లీ. "కానీ ఆడ తీర్తం పోస్తారు. శఠారి పెడతారు. బయటికి వచ్చేటప్పుడు దొన్నెలో ప్రసాదం సేతికొస్తాది. అది సేతిలో పడినాకనే కదా నాకు దర్శనం అయినట్టుండేది. నువ్వు తోసేది ఒకటే నేర్సుకున్నావు, పెట్టేది నేర్సుకోలేదు."

ఇద్దరం రెండు పేజీలూ తీసుకుని ఏవో గారి గదికి వెళ్లాం. ఉన్నదంతా చెప్పాను. ఒక్క ముక్క కలపలేదు. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఈసారి కోతి యాడ నుంచి వచ్చిందప్పా?"

"సార్, ఇది నిజం సార్."

"అదీ నిజమనే సెప్పినావు. గ్రిల్ వేయించినాను." కాగితాలు చూశారు. "బస్సు టైములు కూడా బాగా కుదిర్చినావు. ఎవురు వాళ్లు, మీ సుట్టాలా?"

"నేను ఈ రోజే సూసినాను సార్ వాళ్లని."

"సూడప్పా, రూలు రూలే. సదువుకున్న ఆడపిల్ల ఒకసారి నొక్కి ఊరుకోకుండా నాలుగుసార్లు ఎందుకు నొక్కుతాది? బుద్ధుండే వాళ్లెవరైనా అట్ల చేస్తారా?"

జీవితమంతా అబద్ధాలను నమ్మించినవాణ్ణి. మొదటిసారి నిజం చెబితే అది నిలబడలేదు. వాదించడం వృథా అనిపించింది. అప్పుడు నాలో పాత బుద్ధి కొంచెం మేలుకుంది. దాన్ని మాత్రం ఇప్పటికీ తప్పనుకోను.

"నాది తప్పో కాదో తమరే ఒకసారి నింపి సూడండి సార్. ఒక్కసారి చాలు," అన్నాను.

గడువు దాటింది కాబట్టి ఆ ఒక్క పూటకు దరఖాస్తు దారి మళ్లీ తెరిచాను. ఆయన మా గదికి వచ్చారు. గ్రిల్‌ని చూశారు, నన్ను చూశారు, కూర్చున్నారు. ఒంటి వేలితో ఒక్కో అక్షరం వెతికి నింపారు. పేరు ఆయనదే పెట్టారు. హాల్ టికెట్ నంబరు దగ్గర తన టెన్త్ నంబరు ఇప్పటికీ నోటికి వస్తుందని కాస్త గర్వంగా చెప్పారు. పుట్టిన సంవత్సరం దగ్గర ముప్పై ఏళ్లు తగ్గించుకున్నారు. వయసు ఎక్కువైతే ఫారం ఒప్పుకోదు మరి. అరగంట పట్టింది. బటన్ నొక్కారు.

విండో మాయమైంది.

నేను గ్రిల్ వైపు చూశాను. అక్క కూడా కిటికీ వైపు తిరిగి నిలబడింది.

"ఏమైంది?" అన్నారు. ఎవరూ పలకలేదు. ఫ్యాను వైపు చూశారు, కరెంటు పోయిందేమోనని. అది తిరుగుతూనే ఉంది. మౌస్ ఎత్తి అడుగున చూశారు. "నేనేమన్నా వేరేది నొక్కినానా?" అని తనలో తానే అనుకున్నారు. తెర మీద మళ్లీ అదే మొదటి పేజీ, అదే బటన్. దాన్ని నొక్కారు. ఖాళీ ఫారం తెరుచుకుంది. "అంతా పొయ్యింది సూడు," అని విసుక్కుంటూ మళ్లీ మొదటి నుంచీ నింపారు. ఈసారి కొంచెం వేగంగా. నొక్కారు. మాయం. కళ్లజోడు చొక్కాతో తుడుచుకుని మూడోసారి మొదలుపెట్టారు. మూడోసారి నొక్కేటప్పుడు చూశాను. ఆయన ఎడమ చెయ్యి తెలియకుండానే లేచి తెర అంచును పట్టుకుంది.

అక్కను రద్దు జాబితా మళ్లీ ప్రింటు తీయమన్నాను. కాగితం బయటికి వచ్చింది. రెండో పేజీ చివర, పలమనేరు ఆమె కింద, ఏవో గారి పేరు. ఎదురుగా: మూడు దరఖాస్తులు, రద్దు.

ఆయన తన పేరు కింద వేలు పెట్టి చదువుకున్నారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు.

"ఎవురూ సెప్పలేదు కదప్పా, వచ్చిందని," అన్నారు చివరికి. నా మీద ఫిర్యాదులా లేదు ఆ మాట. దారి తప్పిన మనిషి అడిగినట్టుంది.

మొదటి దరఖాస్తు ఉంచి తర్వాతివి తీసేయాలనీ, రద్దు జాబితా మొత్తం మళ్లీ చూడాలనీ, నోటీసు బోర్డు జాబితాను రెండు రోజులు వాయిదా వేయాలనీ అక్కడికక్కడే చెప్పారు. కానీ వాయిదాకు పైవాళ్లకు కారణం రాయాలి. "సాంకేతిక కారణాల వల్ల" అని అక్క టైపు చేసింది. ఏవో గారు దాన్ని కొట్టేసి కాగితం నా ముందుకు తోశారు.

"ఏ కారణమో నువ్వే రాయి. ఈ ఒక్కసారి కతలు వద్దు."

ప్రోగ్రామ్‌లో నేను చేసిన పొరపాటు వల్ల అని రాసి సంతకం పెట్టాను. నా పర్మనెంట్ కాగితం ఇంకో ఏడాది బల్ల మీదే ఉండిపోయింది. తమరి రూలుది కూడా సగం తప్పు కదా సార్ అనుకున్నాను. అనలేదు. తర్వాత తెలిసింది, నేను సంతకం పెట్టిన కాగితం కింద ఆయన తన రూలు తప్పు కూడా ఒప్పుకుంటూ ఒక పేరా రాశారట.

తండ్రీ కూతుళ్లు టీ తాగి వచ్చి, ఇదంతా జరుగుతున్నంతసేపూ వరండాలో కూర్చునే ఉన్నారు. లోపలికి పిలిచి చెప్పాను. దిగింది పెద్దాయనా, మొదటిసారే దిగింది, ఎల్లుండి జాబితా చూసుకోండి అన్నాను. ఆయన నమ్మినట్టు కనపడలేదు. నమ్మాలని నేను పట్టుబట్టలేదు. దానికి బదులు ఒకటి అడిగాను.

"ఆ పొద్దు నొక్కినాక తెరమింద ఏమి కనపడుంటే మీరు నగరి నుంచే ఇంటికి పొయ్యుంటారు?"

ఆయన ఆలోచించాడు. "అందింది అని ఒక మాట. ఎవురన్నా అడిగితే సూపించుకునేదానికి ఒక నంబరు. ఇంక పోవచ్చు అని సెప్పాల. లేదంటే పెద్ద ఆఫీసు ముందర నుంచి మా అట్లాంటోళ్లం ఎట్ల లేసి పోతాం సామీ?"

తెలుగు అక్షరాలు ఒక కంప్యూటర్‌లో కనిపించి ఇంకోదాంట్లో డబ్బాలుగా మారిపోయే రోజులవి. ఇంగ్లీషులో వేస్తే చాలామందికి అర్థం కాక కథ మళ్లీ మొదటికి వస్తుంది. అక్కకు ఒక ఆలోచన తట్టింది. ఆ అమ్మాయి చేతికి ఒక తెల్ల కాగితమిచ్చి, మీ నాయన చెప్పిందే నీ అక్షరాలతో రాయమ్మా అంది. ఆమె బల్ల అంచున వంగి రాసింది:

మీ దరఖాస్తు మాకు అందింది. కింద ఉన్న నంబరు రాసుకోండి. మళ్లీ పంపవద్దు. ఇక మీరు ఇంటికి పోవచ్చు.

దాన్ని స్కాన్ చేసి బొమ్మగా పెట్టాను. విండోను మూసే ఆ ఒక్క లైనూ తీసేశాను. మూయాలా వద్దా అన్నది ఎదుట కూర్చున్నవాళ్ల ఇష్టం. వెనక్కి వెళ్లినా పాత వివరాలు కనిపించకుండా చేసే పని, మొదట్లో నేను తప్పించుకున్నది, ఆ మధ్యాహ్నం కూర్చుని పూర్తిచేశాను. నిజంగానే ఒక పూట పట్టింది. అంతకు మించి పట్టలేదు.

రెండు రోజులకు అంటించిన జాబితాలో ఆమె పేరు కింది నుంచి నాలుగోది. ఇంటర్వ్యూలో సీటు వచ్చింది. చేరడానికి వచ్చిన రోజు సర్టిఫికెట్లు అక్క చేతిలో పెట్టి ఆమె కదల్లేదు.

"ఏం మా?" అంది అక్క.

"అందినాయని రాసియ్యండక్కా," అంది.

అక్క నవ్వుతూ రాసిచ్చింది. ఆమె చదువు పూర్తిచేసుకుని మద్రాసులో ఏదో ఆస్పత్రిలో చేరిందని విన్నాను. అంతకు మించి నాకు తెలియదు. ఆమె చేతిరాత మాత్రం మా సైట్ మార్చేదాకా, చాలా ఏళ్లు, ఎక్కడెక్కడి నెట్ సెంటర్లలోనో జనానికి ఇంటికి పోవచ్చని చెబుతూ ఉండింది. ఏవో గారు రిటైరైన రోజున గ్రిల్ చూపించి, ఇది మాత్రం నిన్ను ఇంకా క్షమించలేదప్పా అన్నారు.

ఇప్పుడు నేను ఉద్యోగం వదిలి మామిడి చెట్లు చూసుకుంటున్నాను. పోయిన ఏడు జ్వరం ముదిరి చిత్తూరులో ఒక ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది. సూది అంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం. సెలైన్ పెట్టడానికి నర్సు వస్తే కళ్లు గట్టిగా మూసుకుని, రెండో చేత్తో మంచం చట్రం పట్టుకున్నాను. కాసేపయ్యాక వినిపించింది.

"అయిపొయ్యింది సార్. సూది లోపలికి పొయ్యింది. ఇంక మీరు చెయ్యి వదిలెయ్యచ్చు."

కళ్లు తెరిచి ఆమె ముఖం చూశాను. ఆమే ఈమె అని ఇక్కడ రాయాలని నా వేళ్లు ఎంత తహతహలాడుతున్నాయో మీకు తెలియదు. రాస్తే కథ ఎంత బాగుండేది! కానీ కాదు. ఈమె పలమనేరు వైపు పిల్ల, ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. నగరి అమ్మాయిని ఆమె ఎరగదు. అయిపోయినప్పుడు అయిపోయిందని చెప్పాలని ఈమెకు ఎవరో నేర్పారు, అంతే.

నేను చెయ్యి వదిలేశాను.